మట్‌లో పంపేవాళ్ల అడ్రస్: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు కాలేజీ ల్యాబ్ సర్వర్లలో, చిన్న ఆఫీసుల లినక్స్ మెషీన్లలో మట్ అనే, తెర మీద అక్షరాలతోనే నడిచే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంగా ఉన్న మెషీన్‌ను నెట్ ద్వారా వాడుకునే పద్ధతి) లాగిన్ అయితే చాలు, తాడిపత్రి అవతల పల్లెలో ఫోన్ సిగ్నల్ రెండు గీతలే ఉన్నా మెయిల్ చూసుకోవచ్చు. చదవడంలో ఎవరికీ తంటా లేదు. తంటా అంతా పంపేటప్పుడే. మెయిల్ ఒక అడ్రస్ నుంచి వెళ్లాల్సింది ఇంకో అడ్రస్ నుంచి వెళ్తుంది, లేదా అవతల స్పామ్‌లో పడుతుంది.

ఆదేశాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. మట్ సెట్టింగ్స్ ఉండే మట్‌ఆర్‌సీ ఫైల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో కొట్టాలి. అండర్‌స్కోర్, హైఫన్ మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

అపోహ: సెట్ ఫ్రమ్ లైను ఒక్కటి రాస్తే పని అయిపోయినట్టే.

సగమే అయినట్టు. మెయిల్‌కు పంపేవాళ్ల అడ్రస్‌లు రెండుంటాయి. ఒకటి చదివేవాళ్లకు కనిపించే ఫ్రమ్ హెడర్. రెండోది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మెయిల్ ఫ్రమ్ ఆదేశంతో చెప్పుకునే ఎన్వలప్ అడ్రస్. అందిన మెయిల్‌లో అది రిటర్న్-పాత్ హెడర్‌గా మిగులుతుంది. బౌన్స్ అయిన మెయిల్ తిరిగొచ్చేది దానికే. ఆ డొమైన్ (అడ్రస్‌లో ఎట్ తర్వాతి భాగం) పేరుతో పంపే హక్కు ఈ సర్వర్‌కు ఉందా అని చూసే ఎస్‌పీఎఫ్ పరీక్ష కూడా దాని మీదే జరుగుతుంది.

సెట్ ఫ్రమ్ మార్చేది మొదటిదాన్నే. మట్ మీ మెయిల్‌ను బయటికి పంపే పనిని సెండ్‌మెయిల్ లాంటి ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంటే, ఎన్వలప్‌లో లాగిన్ పేరు, ఆ మెషీన్ పేరు కలిసి వెళ్లిపోతాయి. అంటే 'స్టూడెంట్ ఎట్ ల్యాబ్3' లాంటిదన్నమాట. బయటి ప్రపంచంలో అలాంటి డొమైనే ఉండదు కాబట్టి అవతలి సర్వర్ అనుమానించడంలో తప్పులేదు. దీనికి మందు, యూజ్_ఎన్వలప్_ఫ్రమ్‌ను యెస్ చేయడం. అప్పుడు మట్ ఫ్రమ్‌లోని అడ్రస్‌నే హైఫన్ ఎఫ్ ఆప్షన్‌తో ఆ ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. ఆ ప్రోగ్రామ్ ఏదో చెప్పే సెండ్‌మెయిల్ వేరియబుల్‌లో మీరే ముందుగా హైఫన్ ఎఫ్ రాసి ఉంటే మాత్రం ఈ సెట్టింగ్ వల్ల ఉపయోగం ఉండదు. పాత మట్‌ఆర్‌సీలు ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకున్న చోట ఎక్కువగా ఇదే దొరుకుతుంది.

ఎస్‌ఎమ్‌టీపీ_యూఆర్‌ఎల్‌లో మెయిల్ సర్వర్ అడ్రస్ పెట్టుకుని మట్ నుంచే నేరుగా పంపేవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ వేరే ఎన్వలప్ అడ్రస్ ఇవ్వకపోతే ఫ్రమ్‌నే వాడుకుంటుంది.

సెండ్‌మెయిల్ బదులు ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ అనే చిన్న ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇంకో లాభం ఉంది. హైఫన్ ఎఫ్‌తో వచ్చిన అడ్రస్ చూసి, తన కాన్ఫిగ్‌లో ఆ ఫ్రమ్ ఉన్న మొదటి అకౌంట్‌ను అదే ఎంచుకుంటుంది. ఏదీ కలవకపోతే డిఫాల్ట్ అకౌంట్‌తో పంపేస్తుంది. ఆఫీసు మెయిల్ సొంత జీమెయిల్ గుండా పోయిందంటే ముందు చూడాల్సింది అక్కడే.

అపోహ: ఫ్రమ్‌లో ఏం రాస్తే అవతలివాళ్లకు అదే కనిపిస్తుంది.

మట్ అడ్డు చెప్పదు, నిజమే. సర్వర్ ఊరుకోదు. జీమెయిల్ సర్వర్ గుండా పంపుతూ ఫ్రమ్‌లో కాలేజీ అడ్రస్ పెట్టారనుకోండి. ఆ అడ్రస్‌ను జీమెయిల్ సెట్టింగ్స్‌లో ముందుగా చేర్చి ధ్రువీకరించకపోతే, గూగుల్ దాన్ని తీసేసి మీ జీమెయిల్ అడ్రస్ పెడుతుంది. మీరు రాసింది ఎక్స్-గూగుల్-ఒరిజినల్-ఫ్రమ్ అనే హెడర్‌లో మిగిలిపోతుంది. పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే మెయిల్ సర్వర్‌లో లాగిన్‌కూ పంపే అడ్రస్‌కూ పొంతన చూసే నిబంధన పెట్టి ఉంటే మెయిల్ అసలు తీసుకోదు, 553 కోడ్‌తో వెనక్కి కొడుతుంది. ఆ కోడ్ కనబడితే పాస్‌వర్డ్ మార్చుకుంటూ కూర్చోకండి. లాగిన్ సరిగ్గానే ఉంది, అడ్రస్సే ఆ లాగిన్‌ది కాదు.

అపోహ: సెట్ ఫ్రమ్ అన్నా మై_హెచ్‌డీఆర్ ఫ్రమ్ అన్నా ఒకటే.

మై_హెచ్‌డీఆర్ అంటే మీరు రాసిన హెడర్ లైనును మెయిల్‌లో పెట్టే ఆదేశం. కొత్త మెయిల్ పంపేటప్పుడు తేడా తెలియదు. జవాబు ఇచ్చేటప్పుడే బయటపడుతుంది. కర్నూలులో విత్తనాల షాపుకు రెండు అడ్రస్‌లున్నాయనుకుందాం, ఆర్డర్లకు ఒకటి, లెక్కలకు ఒకటి. ఏ అడ్రస్‌కు వచ్చిన మెయిల్‌కు ఆ అడ్రస్ నుంచే జవాబు వెళ్లాలంటే రివర్స్_నేమ్‌ను సెట్ చేసి, మీ మిగతా అడ్రస్‌లేవో చెప్పే ఆల్టర్నేట్స్ ఆదేశంలో రెండో అడ్రస్ ఇవ్వాలి. ఈ ఏర్పాటు సెట్ ఫ్రమ్‌తో చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే రివర్స్_నేమ్ దాన్ని పక్కకు తోయగలదు. మై_హెచ్‌డీఆర్ ఫ్రమ్ రాసి ఉంటే మాత్రం అదే పైచేయి. లెక్కల మెయిల్‌కూ ఆర్డర్ల అడ్రస్ నుంచే జవాబు పోతుంది. రివర్స్_నేమ్ పనిచేయడం లేదని ఎవరైనా అంటే ముందు మట్‌ఆర్‌సీలో మై_హెచ్‌డీఆర్ కోసం వెతకండి.

ఆల్టర్నేట్స్‌లో ఇచ్చేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాలను పోల్చి చూసే నమూనా. అందులో చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం, కాబట్టి దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. సింగిల్ కోట్స్‌లో రాస్తే ఒకటి చాలు, డబుల్ కోట్స్‌లో రెండు కావాలి.

దీంతోపాటు ఇంకో చిన్న తమాషా ఉంది. వచ్చిన మెయిల్‌లో మీకు పెట్టిన పేరునే జవాబులో వాడే రివర్స్_రియల్‌నేమ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అవతలి మనిషి తన అడ్రస్ పుస్తకంలో మిమ్మల్ని 'విత్తనాల అన్న' అని రాసుకుని ఉంటే, మీ జవాబు కూడా 'విత్తనాల అన్న' పేరుతోనే వెళ్తుంది. అన్‌సెట్ రివర్స్_రియల్‌నేమ్ అని ఒక్క లైను రాస్తే మీ రియల్‌నేమ్‌లో ఉన్న పేరు వస్తుంది.

అపోహ: సెండ్-హుక్ పెట్టాక, టు అడ్రస్ మారిస్తే ఫ్రమ్ దానంతటదే మారుతుంది.

మారదు. సెండ్-హుక్ అంటే ఎవరికి పంపుతున్నారో చూసి సెట్టింగ్‌లు మార్చే ఆదేశం. మొదట టు అడ్రస్ ఇచ్చినప్పుడు సెండ్-హుక్ ఒక్కసారే నడుస్తుంది. తర్వాత కంపోజ్ స్క్రీన్‌లో టు మార్చినా కొత్తవాళ్లను చేర్చినా మళ్లీ నడవదు. అక్కడ ఎస్కేప్ కొట్టి ఎఫ్ నొక్కితే ఫ్రమ్‌ను చేత్తో దిద్దుకోవచ్చు.

ఇంకొకటి, హుక్ చేసిన మార్పు ఆ ఒక్క మెయిల్‌తో పోదు. వీసీ ఆఫీసుకు ఒక అడ్రస్ నుంచి పంపాక, తర్వాత స్నేహితుడికి రాసినా అదే అడ్రస్ అంటుకుని ఉంటుంది. అందుకే చుక్క ఒక్కటే ప్యాటర్న్‌గా పెట్టి మామూలు అడ్రస్‌కు తిరిగొచ్చే హుక్‌ను అన్నింటికంటే పైన రాయాలి, ప్రత్యేకమైనవి దాని కింద. సరిపోలిన హుక్‌లన్నీ ఫైల్‌లో ఉన్న వరుసలోనే నడుస్తాయి. చుక్క హుక్‌ను చివర పెడితే పైవన్నీ వృథా.

ఏ విలువ ఉందో అనుమానం వస్తే మట్‌లోనే కోలన్ కొట్టి సెట్ అని రాసి, ప్రశ్నార్థకం వెంటనే ఫ్రమ్ అని కొట్టండి, చూపిస్తుంది. కాకపోతే అది మట్ అనుకుంటున్న అడ్రస్ మాత్రమే. బయటికి నిజంగా ఏం వెళ్లిందో తెలియాలంటే వేరే సర్వీసులో ఉన్న మీ అడ్రస్‌కే ఒక మెయిల్ పంపుకుని అక్కడ పూర్తి హెడర్లు తెరవాలి. మట్‌లో తెరిచిన మెయిల్‌కైతే హెచ్ నొక్కితే చాలు. ఫ్రమ్, రిటర్న్-పాత్ పక్కపక్కన పెట్టి చూడండి.

అపోహ: రిప్లై-టు పెడితే ఫ్రమ్ మారినట్టే.

కాదు. జవాబు ఎక్కడికి రావాలో చెప్పడమే దాని పని. పంపింది ఎవరన్నది, ఎస్‌పీఎఫ్ ఫలితం, బౌన్స్ ఎక్కడికొస్తుందన్నది ఏవీ దానితో మారవు.

అపోహ: పేరు తెలుగులో పెడితే మెయిల్ పాడవుతుంది.

రియల్‌నేమ్‌లో తెలుగు రాస్తే, హెడర్‌లో వెళ్లాల్సిన రూపంలోకి మట్టే మారుస్తుంది. సర్వర్‌లో లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8 కాకపోతేనే ప్రశ్నార్థకాలు వస్తాయి. టెర్మినల్‌లో లొకేల్ అని కొడితే అక్కడే తేలిపోతుంది. నిజంగా పాడుచేసేది కామా. షాపు పేరు, కామా, ఊరు పేరు రాయడం మనకు అలవాటు కదా, అదే వరసను మై_హెచ్‌డీఆర్‌లో కోట్స్ లేకుండా రాస్తే కామా దగ్గర తెగి, ముందున్న షాపు పేరు వేరే అడ్రస్‌గా లెక్కలోకి పోతుంది. పేరును రియల్‌నేమ్‌లో పెట్టి, ఫ్రమ్‌లో అడ్రస్ ఒక్కటే ఉంచండి. కోట్స్ సంగతి మట్ చూసుకుంటుంది.