థైరాయిడ్ మాత్ర ఆపేయొచ్చా? వివాదం వెనక 1965 నాటి మలుపు

థైరాయిడ్ మాత్రలు అవసరం లేకపోయినా రాసేస్తున్నారా అన్న చర్చ మళ్లీ రాజుకుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ గ్రంథి హార్మోను, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) కాస్త పెరిగినంత మాత్రాన జీవితాంతం మందు మింగించడం తగదని ఒక వర్గం అంటోంది. ఆ మాట విని ఎవరికి వారే మాత్ర మానేస్తే ప్రాణాల మీదకొస్తుందని హార్మోన్ల వైద్యులైన ఎండోక్రైనాలజిస్టులు హెచ్చరిస్తున్నారు. మొదటి వర్గం చెబుతున్నది స్వల్ప లోపం గురించి. రెండో వర్గం భయమంతా గ్రంథి పూర్తిగా చేతులెత్తేసినవారి గురించి. ఈ ఇద్దరు రోగులూ ఒకే గాటన ఎలా పడ్డారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1873లో బ్రిటిష్ వైద్యుడు విలియం గల్ థైరాయిడ్ లోపాన్ని వర్ణించడం, 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదితో ఎక్కించి రోగిని నిలబెట్టడం చాలాచోట్ల చదివినవే. ఇప్పటి వివాదానికి పనికొచ్చేది అందులో ఒక్కటే. ముర్రే తొలి రోగికి అప్పుడు 46 ఏళ్లు. మందు కొనసాగిస్తూ 74వ ఏట, 1919లో కన్నుమూసింది. మందు లేని రోజుల్లో ఇలాంటివారు కొన్నేళ్లపాటు క్రమంగా మందగించి, చివరికి మగతలోనే పోయేవారు.

అసలు మలుపు 1965లో వచ్చింది. రక్తంలోని టీఎస్‌హెచ్‌ను రేడియో ఇమ్యునోఅస్సేతో, అంటే రేడియోధార్మిక గుర్తుల సాయంతో, కొలిచే పద్ధతిని అమెరికన్ వైద్యుడు రాబర్ట్ అటిగర్ ఆ ఏడాది ప్రచురించారు. అంతకుముందు థైరాయిడ్ లోపాన్ని తేల్చడానికి నమ్మకమైన రక్తపరీక్షే లేదు. పరగడుపున పడుకోబెట్టి, పీల్చే ఆక్సిజన్‌ను లెక్కగట్టి జీవక్రియ వేగం అంచనా వేసేవారు. రోగి కంగారు పడితే చాలు, లెక్క తప్పేది. ప్రొటీన్‌కు అంటుకున్న అయోడిన్‌ను కొలిచే పరీక్ష ఉండేది కానీ, ఎక్స్‌రే కోసం ఎక్కించిన రంగుమందులోని అయోడిన్ కూడా అందులో కలిసిపోయేది. అందుకే వైద్యుడు మనిషిని చూసి పోల్చుకోవాల్సి వచ్చేది: ఉబ్బిన కనురెప్పలు, నొక్కినా గుంట పడని వాపు, లావెక్కిన నాలుక, బొంగురు గొంతు, పొడిబారిన చల్లటి చర్మం. మడమ వెనకున్న స్నాయువు మీద సుత్తితో తడితే పాదం కదులుతుంది కానీ, వెనక్కి మాత్రం తాపీగా వస్తుంది. ఆ ఆలస్యం కంటికి కనిపిస్తుంది.

టీఎస్‌హెచ్ పరీక్ష చేసిన మేలు చిన్నది కాదు. అంతకుముందు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోను, మాత్రలో ఉండేదీ ఇదే, దీన్నే టీ4 అంటారు) ఇచ్చేవారు. అది చాలామందికి ఎక్కువని ఈ పరీక్షే బయటపెట్టింది, మోతాదులు దిగివచ్చాయి. అయితే టీఎస్‌హెచ్ మహా సున్నితం. థైరాక్సిన్ సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగొచ్చు. దాంతో థైరాక్సిన్ మామూలుగానే ఉండి టీఎస్‌హెచ్ ఒక్కటే పెరిగినవారు పెద్ద సంఖ్యలో బయటపడ్డారు. వీరికి సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అని పేరు పెట్టారు. 1980ల నడిమికి పరీక్ష ఇంకా సున్నితమైంది, జబ్బంటే రిపోర్టులోని అంకె అన్న అలవాటు స్థిరపడింది. ఇప్పటి గొడవ మొత్తానికీ మూలం అక్కడే ఉంది. స్వల్ప లోపానికి మందు ఎక్కువైందన్నా, తీవ్ర లోపాన్ని గుర్తుపట్టే కన్ను తగ్గిందన్నా కారణం ఆ అలవాటే.

మందు అక్కర్లేదనే వాదానికి ఆధారం లేకపోలేదు. 65 ఏళ్లు దాటిన 737 మంది మీద జరిగిన ట్రస్ట్ అధ్యయనం 2017లో వెలువడింది. సబ్‌క్లినికల్ దశలో ఉన్నవారికి మాత్ర ఇచ్చినా నీరసంలో, ఇతర లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన మార్గదర్శకం సబ్‌క్లినికల్ దశలో ఉన్న వయోజనులకు మందు వద్దని గట్టిగానే చెప్పింది. అది న్యాయమైన మాట. కానీ గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, టీఎస్‌హెచ్ 20 దాటినవారు తమ సిఫారసు కిందకు రారని, తీవ్ర లక్షణాలున్నవారికి అది వర్తించకపోవచ్చని అదే పత్రం చెప్పింది. నోటా నోటా పాకేసరికి ఈ మినహాయింపులన్నీ రాలిపోయి 'థైరాయిడ్ మాత్ర అనవసరం' అన్న ముక్కే మిగిలింది. శస్త్రచికిత్సలో గ్రంథి తీసేసినవారికి, రేడియో అయోడిన్‌తో గ్రంథి మాడిపోయినవారికి, హషిమోటో వ్యాధితో (శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే జబ్బు) గ్రంథి ఎండిపోయినవారికి ఆ ముక్క ఏమాత్రం వర్తించదు.

మానేసినవారు 'నాకేమీ కాలేదు' అని చెప్పడం అబద్ధం కాదు. థైరాక్సిన్ సగం కరగడానికి సుమారు 7 రోజులు పడుతుంది. సొంత ఉత్పత్తి బొత్తిగా లేని మనిషిలో కూడా వారానికి సగం, రెండు వారాలకు పావు వంతు మిగులుతుంది. పైగా హార్మోను తగ్గేకొద్దీ అది కరిగే వేగం కూడా తగ్గి, ఆ 7 రోజులు 9, 10 అవుతాయి. కాబట్టి తొలి రెండు మూడు వారాలు హాయిగానే గడుస్తాయి, కొందరికి గుండెదడ తగ్గినట్టు కూడా ఉంటుంది. నిల్వ అడుగంటేది నెల దాటాకే. ఆ తర్వాత వచ్చే చలి, మలబద్ధకం, మతిమరుపు, నిద్రమత్తు ఎంత మెల్లగా వస్తాయంటే, రోగికి మాత్ర మానేసిన సంగతితో వాటిని ముడిపెట్టాలని తోచదు. చాలాసార్లు ఇంట్లోవాళ్లకూ తోచదు.

ఈ స్థితిలో ఉన్న ఒంటికి న్యుమోనియానో, మూత్రంలో ఇన్ఫెక్షనో, గుండెపోటో, చలిగాలో, ఒక నిద్రమాత్రో తోడైతే చాలు. థైరాయిడ్ లోపం ముదిరి ప్రాణాంతకమయ్యే మిక్సీడిమా కోమా మొదలవుతుంది. పేరులో కోమా ఉన్నా చాలామంది పూర్తిగా స్పృహ తప్పరు. మగతగా, అయోమయంగా, ఒక్కోసారి భ్రమలతో వస్తారు. 1949లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ ప్రచురించిన 14 థైరాయిడ్ లోపం కేసుల్లో రోగులు మానసిక వ్యాధిగ్రస్తుల్లానే కనిపించారు. లోపల గుండె నెమ్మదించి, దాని చుట్టూ నీరు చేరుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా మెదడు ఊపిరి వేగం పెంచదు. ప్రాణం ఎక్కువగా పోయేది ఈ దారిలోనే. కిడ్నీలు నీటిని వదలకపోవడంతో సోడియం పడిపోతుంది. పేగులు కదలవు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగుతుంది, కానీ మామూలు జ్వరం థర్మామీటర్‌లో అంకెలు మొదలయ్యేదే దాదాపు అక్కడి నుంచి. అందుకే తక్కువ అంకెలు చూపే థర్మామీటర్ వాడాలి. ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఇలాంటి రోగికి ఉష్ణోగ్రత మామూలుగా ఉన్నా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాల్సిందే.

టీఎస్‌హెచ్ అంకె మోసం చేసేది కూడా ఇక్కడే. కోమా తీవ్రతకూ ఆ అంకెకూ పొంతన ఉండదు. లోపం పిట్యూటరీ గ్రంథిలో ఉంటే టీఎస్‌హెచ్ తక్కువగానో మామూలుగానో కనిపిస్తుంది. స్టిరాయిడ్లు, రక్తపోటు పెంచే మందు డోపమైన్ దాన్ని అణిచేస్తాయి. ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్‌కు అంటుకోని థైరాక్సిన్) కూడా చూడాలి, థైరాయిడ్ శస్త్రచికిత్సకు గుర్తుగా మెడ మీద పాత కోత మచ్చ ఉందేమో వెతకాలి.

చికిత్సలో పెద్ద అడుగు 1964లో పడింది. హాల్వీ బృందం 500 మైక్రోగ్రాముల థైరాక్సిన్‌ను నేరుగా రక్తనాళంలోకి ఇచ్చి, అంతకుముందు చాలావరకు ప్రాణం తీసే ఈ స్థితి నుంచి రోగులను బయటకు తెచ్చింది. ఆ తర్వాత ఎక్కువ మోతాదులు వృద్ధుల గుండెకు చేటు చేస్తాయని తేలింది. 2014 అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు తొలి మోతాదును 200 నుంచి 400 మైక్రోగ్రాములుగా చెబుతూ, వృద్ధులకూ గుండెజబ్బు ఉన్నవారికీ అందులో తక్కువ వైపే ఉండమన్నాయి. దానికన్నా ముందు హైడ్రోకార్టిసోన్ అనే స్టిరాయిడ్ పడాలి. సాధారణంగా 100 మిల్లీగ్రాములు, 8 గంటలకోసారి. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కూడా దెబ్బతిన్న మనిషికి థైరాక్సిన్ ఒక్కటే ఇస్తే, ఆ గ్రంథులు చేసే కార్టిసాల్ ఉన్న కాస్తా వేగంగా ఖర్చయి రక్తపోటు కుప్పకూలుతుంది. రక్తపరీక్షల ఫలితాల కోసం చికిత్స ఆపకూడదు. నమూనా తీసుకుని మందు మొదలుపెట్టాలి. వేడినీళ్ల సంచులు, హీటర్లు వద్దు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుని షాక్ వస్తుంది, దుప్పట్లు చాలు. ఇంత జాగ్రత్తగా చేసినా ప్రచురితమైన కేసుల్లో మరణాలు 20 నుంచి 50 శాతం దాకా ఉన్నాయి.

మాత్ర నిజంగా అవసరమా అని అడిగే హక్కు రోగికి ఉంది. అడగాల్సింది వైద్యుడిని, అదీ మానేయకముందు. మొదట మందు ఎందుకు మొదలుపెట్టారో పాత రిపోర్టు తీసి చూడాలి. అప్పుడు టీఎస్‌హెచ్ 6, 7 దగ్గర ఉండి, టీ4 మామూలుగా ఉంటే వైద్యుడి పర్యవేక్షణలో తగ్గించి, 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించవచ్చు. గ్రంథి తీసేసినవారికి ఆ ప్రయోగం లేదు. ఇప్పటికే మానేసి నెల దాటినవారు పాత మోతాదును సొంతంగా అందుకోకూడదు. గుండెజబ్బు ఉన్నవారికి, వృద్ధులకు 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి కొన్ని వారాలకోసారి పెంచుకుంటూ పోతారు. మగత, ఊపిరి మందగించడం, చల్లబడ్డ ఒళ్లు కనిపిస్తే మాత్ర కోసం వెతకొద్దు, నిద్రమాత్ర అసలే వద్దు. ఐసీయూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లి, థైరాయిడ్ మాత్ర ఎప్పుడు ఆపారో మొదటి వాక్యంలోనే చెప్పాలి.