పేరుకున్న కొబ్బరి నూనె: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కట్టె గానుగ నడిపే నా దగ్గరకు చలికాలం మొదలవగానే కొబ్బరి నూనె గురించి అవే సందేహాలు వస్తాయి. నూనె పేరుకుంది కాబట్టి అందులో మైనం కలిపారేమో అని కొందరు అడుగుతారు, పేరుకోలేదు కాబట్టి కల్తీదేమో అని మరికొందరు అడుగుతారు. అయితే ఈ రెండింటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇంకొకటి ఉంది. దాన్ని అందరూ నిజమనే నమ్ముతున్నారు కాబట్టి ఎవరూ అడగనే అడగరు. ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టేస్తే కొబ్బరి నూనె ఎన్నాళ్లయినా చెడిపోదన్నదే ఆ నమ్మకం.

కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వులే ఉంటాయి కాబట్టి పల్లి నూనె, పొద్దుతిరుగుడు నూనెలతో పోలిస్తే గాలి తగిలి చెడిపోయే గుణం దీనికి చాలా తక్కువ. దీన్ని ముఖ్యంగా పాడుచేసేది చెమ్మ. నూనెలో కొద్దిపాటి నీరు, దానితో పాటు కొబ్బరి నలుసులు మిగిలిపోతే, ఆ నలుసుల్లోని ఎంజైములూ వాటిమీద పెరిగే బూజూ కలిసి కొవ్వును విడగొట్టి లారిక్ ఆమ్లం వంటి వాటిని బయటికి తెస్తాయి. నాలుకకు సబ్బు రుచి తగలడానికీ, ముక్కిన వాసన రావడానికీ కారణం ఇదే. చల్లదనం ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది గానీ, నూనెలోని నీటిని తీసివేయదు, బూజును చంపదు. చెమ్మతో ఫ్రీజర్‌లోకి వెళ్లిన నూనె అదే చెమ్మతో బయటికి వస్తుంది.

పైగా ఫ్రిజ్ వాడే తీరు వల్ల లేని చెమ్మ కూడా వచ్చి చేరుతుంది. వానాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా బయట ఎలా చెమర్చుతుందో అందరికీ తెలుసు. చల్లగా ఉండగానే మూత తీస్తే గాలిలోని తడి డబ్బా లోపలి గోడలమీదా నూనెమీదా కూడా అలాగే చేరుతుంది. ఆ తడి నూనెలో కలవదు, నూనెకంటే బరువైనది కాబట్టి కరిగినప్పుడల్లా జారి అడుగుకు చేరుతుంది. రోజూ డబ్బా తీసి, రెండు చెంచాలు గీరుకొని, మళ్లీ లోపల పెట్టే ఇంట్లో ఇది రోజూ జరుగుతుంది. ఆ చెంచా తడిదయితే ఇక చెప్పేదేముంది?

పరకాల వైపు నుంచి ఒక పెద్దమ్మ స్టీలు డబ్బాతో మా గానుగకు వచ్చారు. కూతురి కాన్పు కోసమని వానాకాలంలో కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు) కొని, దగ్గర్లోని మిల్లులో ఆడించి, ఆ రోజే ఫ్రీజర్‌లో పెట్టారట. పైన తెల్లగా, గట్టిగా పేరుకున్న నూనెకు పెద్దగా వాసన లేదు. డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి కరిగించి, నూనెను మెల్లగా మరో గిన్నెలోకి వంచితే అడుగున పాలవిరుగులాంటి మసక నీరు, అందులో గోధుమరంగు నలుసులు కనిపించాయి. ముక్కిన వాసనంతా అక్కడే ఉంది. "పైసలు పోతే పోయినయ్ బిడ్డా, పసిగుడ్డుకు రాసిన గదా, ఏమన్నా అయితదా?" అని ఆమె అడిగిన తీరుకు నాకు చాలా బాధ కలిగింది. ఒంటిమీద దద్దుర్లు, ఎర్రదనం లేవంటే గాబరాపడనవసరం లేదని, ఆ నూనె మాత్రం ఇక రాయవద్దని, ఏమైనా కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పాను. ఆమె శ్రద్ధలో లోపమేమీ లేదు. ఫ్రీజర్‌లో పెడితే చాలునని ఆమెకు అంత నమ్మకంగా చెప్పినవారిమీదే నాకు కోపం.

కాబట్టి జాగ్రత్త ఫ్రిజ్ దగ్గర కాదు, కుడుకల దగ్గరే మొదలుకావాలి. కుడుక విరిచినప్పుడు టక్కున విరగాలి, వంగితే ఇంకా ఎండలో పెట్టాలి. బూజు పట్టిన ముక్కను గీకి వాడకుండా పక్కన పెట్టేయాలి. ఆడించిన నూనెను మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి, మడ్డి కిందికి దిగాక పైతేట మాత్రమే వంచుకోవాలి. పచ్చి కొబ్బరి పాలు కాచి ఇంట్లో తీసే నూనెకు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే కాగుతున్న నూనెలో చిటపటలు వినిపిస్తున్నంతసేపూ అందులో నీరు ఉన్నట్టే లెక్క. నిల్వ నూనెమీద అనుమానం వచ్చినా ఒక చెంచాడు చిన్న మూకుడులో వేడిచేసి చూడవచ్చు. చిటపటలాడితే, వాసన ఇంకా చెడకపోతే, పైతేటను వంచుకొని ఆ శబ్దం ఆగేదాకా సన్నని మంటమీద కాచి దాచుకోవచ్చు. వాసన చెడిన నూనెను మాత్రం వంటకూ ఒంటికీ వాడకుండా దీపానికి వాడుకోవడం మంచిది.

ఇలా తయారైన నూనెను బాగా ఆరిన గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో నింపి, మూత బిగించి, పొయ్యికి దూరంగా చీకటి అలమరలో పెడితే రోజువారీ వాడకానికి ఫ్రిజ్ అవసరమే లేదు. ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, ఎక్కువ మొత్తంలో ఉన్నవారు ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టుకుంటామంటే నేను వద్దనను. కాకపోతే ఒకే పెద్ద డబ్బాలో కాకుండా చిన్న చిన్న సీసాల్లో పోసి, ఒక్కొక్కటే బయటికి తీసి, సీసా గది వేడికి వచ్చి పైన చెమర్చడం ఆగాకే మూత తెరవాలి. తెరిచిన సీసాను మళ్లీ లోపల పెట్టకూడదు.

ఇక ఫ్రిజ్‌లో పేరుకుంటే స్వచ్ఛమైనదన్న పరీక్ష విషయానికి వస్తే, దాని వల్ల మోసపోయేది కొనేవారే. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలవుతుంది. అయితే పామ్ గింజల నుంచి తీసే నూనె కూడా ఇంచుమించు అదే వేడి దగ్గర, అంతే తెల్లగా పేరుకుంటుంది. అది కలిపిన నూనె మీ ఫ్రిజ్‌లో హాయిగా గడ్డకట్టి పరీక్షలో నెగ్గుతుంది. తేడా తెలియాలంటే ల్యాబుకు పంపాల్సిందే. ల్యాబులో చూసేది అయొడిన్ విలువ, అంటే నూనెలో అసంతృప్త కొవ్వు ఎంత ఉందో చెప్పే కొలత. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం కొబ్బరి నూనెకు అది 7.5 నుంచి 10 మధ్య ఉండాలి, పామ్ గింజల నూనెకు అది సాధారణంగా 14 నుంచి 21 దాకా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పేరుకోని నూనెను అనుమానించడంలో తప్పు లేదు గానీ, ముందు సీసామీద రాసింది చదవండి. తలకు రాసుకునే చాలా నూనెల్లో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కలిసి ఉంటుంది, ఆ సంగతి లేబుల్‌మీదే ఉంటుంది.

పేరుకున్న నూనెలో మైనం ఉంటుందన్నది వట్టి పుకారు. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి అసలైన నూనె పేరుకోవడమే సహజం. సగం పేరుకొని సగం తేటగా ఉన్నా, ఇసుకలా పలుకులు కట్టినా కంగారుపడనవసరం లేదు, మెల్లగా చల్లబడిన నూనెలో పలుకులు పెద్దవిగా ఏర్పడతాయి, అంతే. కరిగి మళ్లీ పేరుకున్నంత మాత్రాన నూనె సత్తువ పోదు. ఫ్రీజర్‌లో సీసా పగులుతుందన్న భయమూ అక్కరలేదు, ఎందుకంటే నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, నూనె కుంచించుకుపోతుంది, అందుకే నడుమ గుంట పడుతుంది. సీసాలు పగిలేది చల్లటి గాజుమీద మరుగుతున్న నీళ్లు పోసినప్పుడే. పసిపిల్లల కోసం నూనె కరిగించేవారు గిన్నెను నేరుగా మంటమీద పెట్టకుండా, కావలసినంత నూనెను పొడి చెంచాతో చిన్న గిన్నెలోకి తీసుకొని, ఆ గిన్నెను చెయ్యి పట్టగలిగే వేడి నీళ్లలో ఉంచి, ముందు తమ మణికట్టుమీద వేసి చూసుకొని రాయాలి.