కొత్త డయాటం దొరికిందా? ఒక్క ఫొటో చూసి తేల్చేయకండి

"సార్, ఈ ఆకారం ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతే కదా?" డయాటమ్‌ల (సిలికా గోడ ఉండే ఏకకణ శైవలాల) మీద పనిచేసే పరిశోధక విద్యార్థుల నుంచి ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కింద ఒకే ఒక్క వాల్వ్ (గోడలో ఒక సగం) ఫొటో ఉంటుంది. ఆకారం తేడాగా ఉంటే కొత్త జాతి అన్నది మా రంగంలో అందరికంటే ఎక్కువగా విద్యార్థులను ముంచుతున్న అపోహ. దీన్ని నమ్మి ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

డయాటం గోడ సిలికాతో చేసిన డబ్బా, మూత లాంటిది. కణం విడిపోయినప్పుడు ఒక్కో పిల్లకణానికి పాత వాల్వ్ ఒకటి దక్కుతుంది. కొత్త వాల్వ్ ఎప్పుడూ దాని లోపలే తయారవుతుంది. అందుకే చాలా జాతుల్లో తరాలు గడిచేకొద్దీ సగటు సైజు తగ్గుతూ పోతుంది. ఒక హద్దుకు వచ్చాక లైంగిక ప్రత్యుత్పత్తి జరిగి, ఆక్సోస్పోర్ అనే ఉబ్బే కణం ద్వారా మళ్లీ పూర్తి సైజు వస్తుంది. ఇది 1869 నుంచీ తెలిసిన సంగతే. వెడల్పుకంటే పొడవు ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి ఆకారమూ మారిపోతుంది. సన్నగా, కొసలు తేలి ఉన్నదే పొట్టిగా, గుండ్రంగా అవుతుంది.

మారేడుమిల్లి వైపు ఒక వాగులో రాళ్ల మీద గీకి తెచ్చిన నమూనాలో గోంఫోనీమా అనే డయాటం ప్రజాతికి చెందిన మూడు కొత్త జాతులు ఉన్నాయని ఒకమ్మాయి చాప్టర్ కూడా రాసేసింది. అదే స్లైడ్ మీద వరుసగా నూరు వాల్వులు కొలవమన్నాను. పొడవులు ఎక్కడా తెగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. పది మైక్రాన్లకు వచ్చే స్ట్రియేల (వాల్వ్ మీది రంధ్రాల వరుసల) లెక్క మాత్రం దాదాపు కదల్లేదు. మూడూ ఒకటే! థీసిస్ పోయిందని చాలా భయపడింది పాపం. ఏమీ పోలేదు. పెద్దదాని నుంచి చిన్నదాని వరకు ఆ వరుసంతా ప్లేట్లుగా (ఫొటోల పేజీలుగా) పేరిస్తే, ఆ థీసిస్‌లో అన్నిటికంటే గట్టి చాప్టర్ అదే అయింది.

అకనాంథీడియం, కొకోనైస్ అనే ప్రజాతుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఒకే కణంలో ఒక వాల్వ్‌కు రాఫే (పొడవాటి చీలిక) ఉంటుంది, రెండోదానికి ఉండదు. శుభ్రం చేయడానికి యాసిడ్‌లో ఉడికించాక రెండూ విడిపోతాయి. వాటిని రెండు జాతులుగా రాసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లోహాల కాలుష్యం ఉన్న నీళ్లలో వంకర తిరిగిన వాల్వులూ కనిపిస్తాయి, అవీ కొత్తవి కావు.

"యూరప్ పుస్తకాల్లో లేదు కాబట్టి కొత్తదే" అంటారు. మన వాగుకు యూరప్ పుస్తకం ఒక్కటే ఎలా సరిపోతుంది? జర్మన్ డయాటం నిపుణుడు హుస్టెడ్ 1937-39లో జావా, బాలి, సుమత్రా డయాటమ్‌ల మీద రాసినవి చూడాలి. జోగ్ జలపాతం, కొల్హాపూర్ ప్రాంతాల నుంచి మన డయాటం పరిశోధకుడు హెచ్.పి. గాంధీ వర్ణించినవి చూడాలి. పోలిక కనిపించింది కదా అని యూరప్ పేరు అంటించేయడమూ అంతే తప్పు. దానివల్ల మనకే ప్రత్యేకమైనవి లెక్కలోకి రాకుండా పోతాయి. ఇండికోనీమా అనే కొత్త ప్రజాతినే తీసుకోండి. తూర్పు కనుమల్లో ఒకటి, పశ్చిమ కనుమల్లో ఒకటి, రెండు జాతులు. దాన్ని వేరుచేసిన లక్షణాల్లో ముఖ్యమైనది రంధ్రాల గుంపు. దగ్గరి బంధువుల్లో అది కింది కొసకే ఉంటే, దీనికి రెండు కొసల్లోనూ ఉంది. అలాంటి తేడా పట్టుకోవాలంటే ఎస్ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కావాలి.

డీఎన్ఏ లేకపోతే పేరు చెల్లదన్నది పుకారు. నామకరణ నియమావళిలో అలాంటి షరతు లేదు. లాటిన్ వర్ణనే ఉండాలన్నదీ 2012 జనవరి 1తో పోయింది, ఇంగ్లిష్ చాలు. బొమ్మ, హోలోటైప్ (పేరుకు ఆధారంగా ఎంచిన ఒక్క నమూనా), అది ఏ హెర్బేరియంలో (నమూనాలు భద్రపరిచే చోట) ఉందన్న వివరం మాత్రం తప్పనిసరి. ఎస్ఈఎం సౌకర్యం లేని కాలేజీలో ఉన్నామని టెన్షన్ పడకండి. శుభ్రం చేసిన నమూనా చాలాకాలం చెడదు, సౌకర్యం దొరికినప్పుడు చూడొచ్చు.

యాసిడ్ వేసే ముందు మాత్రం నమూనాలో కొంత విడిగా తీసిపెట్టండి. హరితరేణువుల అమరిక చూడాలన్నా, రేపు ఎవరైనా డీఎన్ఏ తీయాలన్నా ఆ మిగిల్చిందే ఆధారం. సీసా మీది చీటీపై వాగు పేరు, తేదీ, జీపీఎస్ అంకెలు పెన్సిల్‌తో రాయండి. స్కెచ్ పెన్ను రాత ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.