గుళ్లో తాళి కడితే సరిపోదండీ

పోర్టు దగ్గర మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి పక్కపక్కనే ఉన్నాయని మా విశాఖ వాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. పిల్లలు వేరే మతంవాళ్ళని పెళ్లాడతామంటే ఆ గొప్ప ఎటు పోతుందో! అలా ఇంట్లో గొడవపడి లాయర్నైన నా ఆఫీసుకొచ్చే జంటల చెవుల్లో అప్పటికే ఎవరో సగం సగం లా పాయింట్లు పోసేసి ఉంటారు.

అపోహ: “గుళ్లో తాళి కట్టినాడు, రిజిస్టర్ కూడా అయిపోయింది. ఇంకేటి సార్?”

వాస్తవం: అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు, ఎవరూ మతం మారలేదు. అలాంటప్పుడు హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లి చెల్లదు. సర్టిఫికెట్ ఉన్నా చెల్లదు. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది.

ప్రాక్టీసు కొత్తలో గాజువాక నుంచి ఒకామె పెళ్లి ఆల్బమ్ పట్టుకుని వచ్చింది. భర్త వదిలేశాడు. ఫొటోలు చూసి “మీకేం భయం లేదమ్మా” అనేశాను. తీరా భర్త తరఫున కోర్టులో వేసిన కౌంటర్లో, అంటే జవాబులో, ఒకటే ముక్క: నేను క్రిస్టియన్ని, అది పెళ్లే కాదు. ఆమెకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

దీనికి దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఎవరి మతం వాళ్ళదే. గుళ్లో పెళ్లయిపోయిన వాళ్ళు కూడా సెక్షన్ 15 కింద నమోదు చేయించుకోవచ్చు. ఆ పెళ్లి తర్వాత పుట్టిన పిల్లలకీ ఇబ్బంది ఉండదు. కాకపోతే కలిసి కాపురం చేస్తుండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. గాజువాక ఆమెకి ఆ దారి అప్పటికే మూసుకుపోయింది.

“ఈ చట్టంలో మతం వదులుకోవాలట” అంటారు. అది 1872 నాటి పాత చట్టం సంగతి. ఫలానా మతాలేవీ మావి కావని అప్పుడు రాసివ్వాలి. తాతల నాటి ఆ ముక్కే ఇంకా తిరుగుతోంది.

“నాన్న అభ్యంతరం పెడితే ఆగిపోద్దా?” ఆగదు. వయసు, ఇదివరకటి పెళ్లి, మానసిక స్థితి, దగ్గరి రక్తసంబంధం లాంటి కారణాలుంటేనే. కులం, మతం, పరువు ఆ జాబితాలో లేవు. ఈ చట్టం కింద పెళ్లికి ముందు నోటీసు ఇవ్వాలి; అభ్యంతరాల కోసం ఆఫీసు నోటీసు బోర్డు మీద పేర్లుండే ఆ 30 రోజులూ గుండె దడగానే ఉంటుంది, కాదనను.

హిందీ జాతీయ భాష కాబట్టి దరఖాస్తు హిందీలో పెట్టాలా అని స్టీల్‌ప్లాంట్ కుర్రాడొకడు అడిగాడు. రాజ్యాంగంలో జాతీయ భాష అన్న మాటే లేదు నాయనా!

వచ్చేటప్పుడు వయసు రుజువులు, జిల్లాలో 30 రోజులుగా ఉంటున్నట్టు కాగితం తెచ్చుకోండి. పెళ్లి రోజుకి ముగ్గురు సాక్షులు కావాలి. సెక్షన్ 15కి వచ్చేవాళ్ళు ఆల్బమ్ కూడా తీసుకురండి, అక్కడ పనికొస్తుంది.