పెట్రోల్ బంకులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మాది పర్లాకిమిడి, ఆంధ్రా బోర్డరు పక్కన ఒడిశా ఊరు. బంకు పని చూసుకుంటాను, లూబ్రికెంట్లు కూడా అమ్ముతాం. పాతపట్నం వైపు నించి వచ్చి ట్యాంకు ఫుల్ చేయించుకునేవాళ్ళు మాకు బాగా ఎక్కువ, కాబట్టి రెండు రాష్ట్రాల డౌట్లూ మా దగ్గరకే వస్తాయి. ఎక్కువగా వినేవి రాస్తున్నా.

అపోహ: "ఒడిశాలో పెట్రోల్ చవకంటే కల్తీ అయ్యుంటది."

ఆంధ్రా వైపు ఇది ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, చవగ్గా పోయించుకుంటూనే గన్ను వైపు అనుమానంగా చూస్తారు. సరుకు ఒకటే బావూ. 2020 ఏప్రిల్ నించి దేశమంతా బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) పెట్రోలే అమ్మాలి, అందులో గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు, బోర్డరు దాటినంత మాత్రాన ఆ రూల్ మారదు. తేడా అంతా పన్నుది. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు, ఎవరి వ్యాట్ వాళ్ళది. పెట్రోల్ మీద ఒడిశా 28 శాతం వేస్తే ఆంధ్రా 31 శాతం వేసి, పైన లీటరుకి 4 రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి వేస్తుంది. ఇంకా అనుమానమా, కల్తీ చూసుకోడానికి ఫిల్టర్ పేపర్ అడగండి, కొలత చూసుకోడానికి 5 లీటర్ల కొలపాత్రలో కొట్టి చూపించమనండి. ఏ బంకువాడైనా చూపించాల్సిందే, మొహమాటం దేనికి.

అపోహ: "ఆయిల్ అంతా ఈ బైకులూ కార్లే తాగేస్తున్నాయి."

లెక్క చూస్తే అలా లేదు. 2023-24లో దేశం వాడిన పెట్రోలియం సరుకులు మొత్తం 23 కోట్ల టన్నుల పైమాటే. అందులో పెట్రోల్ 3.7 కోట్ల టన్నులు, డీజిల్ దాదాపు 9 కోట్లు. లారీ, బస్సు, ట్రాక్టరు, జేసీబీ, పెళ్ళిలో జనరేటరు, అంతా డీజిలే, కాబట్టి జీవితంలో బండెక్కని ముసలమ్మ కూడా సంతలో కిలో ఉల్లిపాయలు కొంటే అందులో ఎంతో కొంత డీజిల్ డబ్బు ఉంటుంది. వంట గ్యాసు ఇంకో 3 కోట్ల టన్నుల దాకా.

ఇక ఇంట్లోకి వస్తే చెప్పక్కర్లేదు. పాల ప్యాకెట్టు, బకెట్టు, టూత్‌బ్రష్షు సరే, అందరికీ తెలిసినవే. బరంపురం పట్టు డిజైను వేసి అయిదారొందలకి అమ్మే చీర చూశారా, అది పాలియెస్టర్, దాని పుట్టిల్లు రిఫైనరీ. జిడ్డు లేని తలనూనె సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, చాలావాటిలో లైట్ లిక్విడ్ పారాఫిన్ అని ఉంటది, అంటే పెట్రోలియం నూనే. వాజలీన్ సంగతి అయితే మా లూబ్రికెంట్ వాళ్ళకి భలే ఇష్టం: 1859లో అమెరికాలో పెన్సిల్వేనియా బావుల దగ్గర పంపు కడ్డీలకి పట్టే జిగురు మడ్డిని కూలీలు కాలిన చోట, తెగిన చోట రాసుకుంటుంటే ఛీజ్‌బ్రో అనే కెమిస్టు చూసి, దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు.

కానీ ప్రతిదీ ఆయిల్ ఖాతాలో రాసేయకండి. పూజ కర్పూరం పెట్రోల్ నించి తీస్తారని ఒకాయన మా బంకులోనే వాదించాడు. ఇప్పుడు దొరికే కర్పూరం ఎక్కువగా పైన్ చెట్టు జిగురు నించి వచ్చే టర్పెంటైన్‌తో చేసేది. యూరియా సహజ వాయువుతో చేస్తారు, క్రూడ్‌తో, అంటే ముడి చమురుతో కాదు. పొలంలో వేసే పీవీసీ పైపు బరువులో సగం పైన ఉప్పు నించి తీసిన క్లోరినే.

అపోహ: "ప్లాస్టిక్ మానేస్తే ఆయిల్ దిగుమతి ఆగిపోద్ది."

మానండి, మన డ్రైనేజీలకి మంచిది. దిగుమతి మాత్రం ఆగదు. ఇక్కడ ప్లాస్టిక్కులకి ముఖ్యమైన ముడిసరుకు నాఫ్తా అనే తేలికపాటి నూనె, పైన చెప్పిన 23 కోట్లలో అది 1.4 కోట్ల టన్నులే. ఇంకోటి, మేకని కోస్తే తొడమాంసం ఒక్కటే రాదు కదా, క్రూడ్ కూడా అంతే, 159 లీటర్ల బ్యారెల్‌ని కాచితే గ్యాసు, నాఫ్తా, పెట్రోలు, విమానం కిరోసిను, డీజిలు, అడుగున తారు అన్నీ కలిసే వస్తాయి, పాళ్ళు కొంచెం అటూ ఇటూ మార్చగలరు తప్ప ఒకటి వద్దు ఇంకోటి చాలు అంటే కుదరదు.

అపోహ: "మనమే పెట్రోల్ ఎగుమతి చేస్తన్నాం, మరి కొనడం ఏటి?"

ఎగుమతి నిజమే. జామ్‌నగర్ లాంటి పెద్ద రిఫైనరీలు మన అవసరానికి మించి శుద్ధి చేస్తాయి, మిగిలింది అమ్ముతాయి. అందులో మనకి దక్కేది శుద్ధి చేసిన లాభం, క్రూడ్ మాత్రం ఎక్కువ భాగం బయటిదే. మన నేలలో, సముద్రంలో తీసేది ఏడాదికి 3 కోట్ల టన్నుల లోపు, అవసరంలో 85 శాతం పైనే దిగుమతి.

అపోహ: "ఎలక్ట్రిక్ బండికీ కరెంటు ఆయిల్‌తోనే కదా చేసేది."

బంకువాణ్ణి అయ్యుండి చెప్తున్నా, ఇది తప్పు. మన దేశంలో ఆయిల్‌తో తీసే కరెంటు ఒక్క శాతం కూడా లేదు. నూటికి 70 పాళ్ళ పైన బొగ్గుది, మన వైపు మాచ్‌కుండ్, బాలిమెల లాంటి నీటి కరెంటు ఉంది. పొగ సంగతి వేరే చర్చ, ఆయిల్ వరకైతే ఎలక్ట్రిక్ బండి నిజంగానే తగ్గిస్తుంది. ఆయిల్ నించే వచ్చే టైర్లో కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి, సింథటిక్ రబ్బరు, కింద తారు రోడ్డు మిగులుతాయనుకోండి, అవి ఎవరికీ తప్పవు.

అపోహ: "గల్ఫ్‌లో యుద్ధం వస్తే రేపే పెట్రోల్ అయిపోద్ది."

టీవీలో ఒక బాంబు పడితే చాలు, మా దగ్గర డ్రమ్ములూ వాటర్ క్యాన్లూ పట్టుకుని లైను. క్యాన్లో ఇంట్లో పెట్టుకోవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు, దయచేసి వద్దు. విశాఖ, మంగళూరు, పాడూరుల్లో భూమి కింద రాతి గుహల్లో 53 లక్షల టన్నుల క్రూడ్ నిల్వ చేసే చోటుంది, కంపెనీల ట్యాంకుల్లో ఉండేది దీనికి అదనం. నాకు భయం వేసేది గ్యాసు గురించి. మనం వాడే వంట గ్యాసులో దాదాపు 60 శాతం దిగుమతి, ఎక్కువగా గల్ఫ్ నించే. విశాఖలో గ్యాసు గుహ కూడా ఉంది, అందులో పట్టేది 60 వేల టన్నులు, దేశానికి రోజుకి కావాల్సింది 80 వేల టన్నులు. బంకు దగ్గర క్యాన్లతో నిలబడే బదులు, ఇంట్లో రెండో సిలిండర్ ఖాళీగా ఉంటే ముందు అది బుక్ చేయండి.