మూడోసారి ఊరిన నీళ్ళు

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగింది: "తాతా, పరీక్షలు అయిపోయాయి, సంక్రాంతికి లీవులు కూడా ఇచ్చేశారు. అయినా పొద్దున లేస్తే ఎందుకో దిగులుగా ఉంటుంది. సంతోషంగా ఉండాలంటే ఏం చెయ్యాలి?" ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మా ఇల్లు చంద్రగిరి దగ్గర, స్వర్ణముఖి ఒడ్డున. ఎండాకాలం ఏట్లో నీళ్ళు కనపడవు, అంతా ఇసుకే. తెల్లారకముందే మా అవ్వ నన్ను లేపి, బిందె చంకన పెట్టుకుని ఏటికి తీసుకుపోయేది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడుతూ పోతే, మోచేతి లోతులో వేళ్ళకు చల్లగా తగిలేది. ఇంకొంచెం తోడితే అడుగున నీళ్ళు ఊరేవి. దాన్నే చెలమ అంటారు. మొదట ఊరేవి కలకనీళ్ళు. టెంకాయ చిప్పతో తీసి పారబోయాలి. మళ్ళీ ఊరతాయి, మళ్ళీ పారబోయాలి. మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా వస్తాయి. నేను తొందరపడి రెండోసారికే చిప్ప ముంచితే అవ్వ నా చెయ్యి పట్టుకునేది. "ఉండు నాయనా, ఊరనీ."

మర్నాటికి గాలికీ, పశువుల తొక్కుడుకీ ఆ గుంట పూడిపోయేది. నిన్ననే కదా తోడామని ఏడ్చినా లాభం లేదు. మళ్ళీ తోడాల్సిందే.

సంతోషమూ ఇలాంటిదే చిన్నీ. నీళ్ళను మనం తయారు చెయ్యం, అడ్డమున్న ఇసుక తీస్తాం, అంతే. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూడటం పెద్ద ఇసుక దిబ్బ. మీ వయసుకు తక్కువలో తక్కువ ఎనిమిది, తొమ్మిది గంటల నిద్ర కావాలి. పొద్దున తలుపులు మూసుకుని లోపలే ఉండటం ఇంకో దిబ్బ. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లోని గడియారం సర్దుకుని, రాత్రి వేళకు నిద్ర వస్తుంది. రోజూ కాస్త నడవండి. మొదటి రెండు రోజులు ఏమీ అనిపించదు, విసుగ్గా కూడా ఉంటుంది. అవి కలకనీళ్ళు. పారబోసి మళ్ళీ తోడండి.

మనుషులతో మాట్లాడటం మాత్రం మానొద్దు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 1938లో కొందరు కుర్రవాళ్ళను ఎంచుకుని, వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా ఎలా ఉన్నారో అడుగుతూ వచ్చారు. డబ్బూ పేరూ కంటే, నా అనేవాళ్ళతో మంచిగా ఉండటమే వాళ్ళను ఎక్కువ సంతోషంగా, ఆరోగ్యంగా ఉంచిందని తేలింది. మా అవ్వ ఇవేవీ వినలేదు. చెలమ దగ్గర ముందు పక్కింటి ముసలమ్మ బిందె నింపి, తర్వాత మాది నింపేది. ఒకరోజు నేను అలిగాను. ఆ ముసలమ్మ దారంతా నాకు కథ చెప్పి, వాళ్ళ గడప దగ్గర కొంగు ముడి విప్పి బెల్లం ముక్క చేతిలో పెట్టింది. చెమటకు కాస్త కరిగి, ఒక పక్క కొంగు దారం అంటుకుని ఉంది. అరవై ఏళ్ళు దాటింది, ఆ తీపి నాకు ఇంకా గుర్తే.

ఎన్ని రోజులైనా దిగులు తగ్గకపోతే, తిండీ నిద్రా పోతే, దాచుకోవద్దు తల్లీ. అమ్మకు చెప్పు, డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. ఒక్కరి చేతులతో తవ్వలేని లోతు కూడా ఉంటుంది.

రేపు ఆరున్నరకు ఇద్దరూ మిద్దె ఎక్కండి. వీధిలో ముగ్గులు వేస్తుంటారు. మీరు ఉత్తరం వైపు కొండ చూడండి. ముందు నల్లగా ఉంటుంది. ఎండ తగలగానే పై అంచు రాళ్ళు ఎర్రబడతాయి, ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగుతుంది. అది చూస్తే మనసు ఎందుకు తేలికవుతుందో నేను చెప్పలేను. అమ్మను కూడా పైకి పిలవండి. ఏ రాయికి ముందు ఎండ తగిలిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత