యాంటీవైరల్ మందులు: ఔషధ రసాయన శాస్త్రవేత్తగా నేను తరచూ వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

వైరస్‌ల మీద పనిచేసే అణువులను తయారుచేయడం నా వృత్తి. ఫలానా పదార్థం వైరస్‌ను నాశనం చేసిందని పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ తెలిసినవాళ్లు ఫోను చేసి, ఇక మందు వచ్చేసినట్టేనా అని అడుగుతారు. ఆ ఆశకు సగం జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

అపోహ: ప్రయోగశాలలో వైరస్ చచ్చిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: గాజు పాత్రలోని కరోనా వైరస్‌ను సబ్బు నీళ్లు కూడా నాశనం చేస్తాయి. అసలు చిక్కు వేరే ఉంది. వైరస్ మన కణంలో దూరి, మన సరంజామాతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకు తగలవచ్చు. అందుకే ప్రతి అణువుకూ రెండు అంకెలు చూస్తాం: వైరస్ పెరుగుదలను సగానికి తగ్గించే గాఢత, ఆరోగ్యమైన కణాల్లో సగాన్ని చంపే గాఢత. వీటి మధ్య ఎంత ఎడం ఉంటే అంత మంచిది. నేను తయారుచేసిన అణువుల్లో చాలా వాటి కథ ఇక్కడే ముగిసింది.

ఆ ఎడం ఎలా సాధ్యమో ఎసైక్లోవిర్ చూపించింది. అమెరికా శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియన్ పరిశోధనల ఒరవడిలో పుట్టి, 1982లో అనుమతి పొందిన మందు ఇది. ఒంటి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్‌కు వాడతారు. మామూలు కణంలో దాదాపు ఊరికే పడి ఉంటుంది. పనిచేయాలంటే దానికి మూడు ఫాస్ఫేటు ముక్కలు తగలాలి. హెర్పిస్ సోకిన కణంలో మాత్రం, వైరస్ తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ ఎంజైమే దీనికి తొలి ఫాస్ఫేటును తగిలిస్తుంది. మిగతా రెండింటినీ మన ఎంజైములు చేరుస్తాయి. అప్పుడది వైరస్ డీఎన్‌ఏ గొలుసులోకి చేరి దాని పెరుగుదలను అక్కడే ఆపేస్తుంది. తన చావుకు వైరస్సే తాళం తీస్తుందన్నమాట! ఎన్నిసార్లు పాఠం చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఫియాలురిడిన్ అనే అణువు కథ. 1993లో అమెరికాలో హెపటైటిస్ బి రోగులు 15 మందిపై దాన్ని పరీక్షించారు. ఏడుగురి కాలేయం తీవ్రంగా దెబ్బతింది, అయిదుగురు చనిపోయారు. వైరస్‌ను అణచిన ఆ అణువే మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలోకీ చేరింది. ముందు జంతువులపై చేసిన పరీక్షల్లో ఆ ముప్పు బయటపడలేదు. ఇలా డీఎన్‌ఏ ముక్కలను పోలిన కొత్త అణువు (న్యూక్లియోసైడ్) నిర్మాణం కాగితం మీద గీసేటప్పుడు ఆ అయిదుగురూ నాకు గుర్తుకొస్తారు, రావాలి కూడా.

అపోహ: విఫలమైన అణువు వృథా శ్రమ.

వాస్తవం: అమెరికా శాస్త్రవేత్త జెరోమ్ హార్విట్జ్ 1964లో జిడోవుడిన్‌ను క్యాన్సర్ కోసం తయారుచేశారు. అది పనిచేయక మూలన పడింది. 1987లో అదే హెచ్‌ఐవీకి అనుమతి పొందిన తొలి మందు. కోవిడ్ మాత్రలోని నిర్మట్రెల్విర్‌దీ ఇలాంటి దారే. దాన్ని 2020లో తయారుచేస్తే 2021 డిసెంబరుకల్లా అత్యవసర అనుమతి వచ్చింది. ఇంత తొందరగా ఎలా అని అందరూ ఆశ్చర్యపోయారు. దాని బీజం 2003 నాటి సార్స్ (మరో కరోనా వైరస్ జబ్బు) పరిశోధనల్లో ఉంది. ఆనాటి అణువు నోటి ద్వారా తీసుకునేందుకు పనికిరాలేదు. దాన్ని మాత్రగా మింగడానికి వీలయ్యేలా మలచడమే కొత్త బృందం చేసిన పని. పనిచేయని అణువు వివరాలను కూడా అంతే శ్రద్ధగా నోటుపుస్తకంలో రాయమని నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ చెబుతాను.

అపోహ: ఇప్పుడు మందులను కంప్యూటర్లే కనిపెడుతున్నాయి.

వాస్తవం: ఏ అణువును ముందు చేసి చూడాలో ఎంచుకోవడానికి అవి బాగా సాయపడతాయి. అది కరుగుతుందా, కాలేయం విరగ్గొట్టకుండా ఒంట్లో నిలుస్తుందా అన్నది మాత్రం ఫ్లాస్కులో చేసి పరీక్షించాకే తేలుతుంది.

అపోహ: వైరస్ జబ్బును అదుపు చేయగలరు తప్ప నయం చేయలేరు.

వాస్తవం: హెచ్‌ఐవీ తన జన్యువులను మన డీఎన్‌ఏలో అతికిస్తుంది కాబట్టి మందులు దాన్ని అణచి ఉంచగలవే గానీ పూర్తిగా తుడిచేయలేవు. కాలేయానికి సోకే హెపటైటిస్ సి వైరస్ అలా దాక్కోదు. దాని కోసం 2013లో వచ్చిన సోఫోస్‌బువిర్ మందులో ఫాస్ఫేటుకు ఒక రసాయన ముసుగు తొడిగారు. విద్యుదావేశం ఉన్న ఫాస్ఫేటు కణపొరను దాటలేదు. ముసుగుతో దాటి, కాలేయ కణంలో ఆ ముసుగు వదిలేస్తుంది. దాన్ని మరో మందుతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 90 మందికి పైగా రక్తంలో వైరస్ కనిపించకుండా పోతుంది, మళ్లీ తిరిగి రాదు.